కాలువ వంతెన దగ్గర ఆగే జీపు

బాపు పోయిన మరుసటి ఏడాది నుంచి ఆయన జీపు ఒకే చోట ఆగిపోవడం మొదలుపెట్టింది. నిజామాబాదులో మా ఇంటి ముందు తాళం తిప్పగానే అందుకునేది. దుకాణానికి, స్టేషనుకు, మార్కెట్టుకు తిప్పినన్నాళ్ళూ ఏ పేచీ పెట్టేది కాదు. బోధన్ రోడ్డెక్కి, ఎడపల్లి దాటి, కాలువ వంతెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతుకు ఏదో అడ్డం పడినట్టు దగ్గేది. ఎంత తొక్కినా బలం వచ్చేది కాదు. ఆ తర్వాత చప్పుడు పూర్తిగా ఆగిపోయి, వచ్చిన ఊపుతోనే కొంత దూరం జారి, వంతెన పిట్టగోడ పక్కన నిలబడేది.

అది బాపు ఆగే చోటు.

మా నాన్న ఆ జీపును నిజామాబాదుకూ బోధనుకూ మధ్య ఏళ్ళ తరబడి నడిపాడు. చెరుకు కోతల కాలంలో కూలీలను, మిగతా కాలంలో ఎవరొస్తే వాళ్ళను ఎక్కించుకునేవాడు. మెడలో తుళసి మాల ఉండేది. ఏకాదశి నాడు మాత్రం కిరాయికి తిప్పేవాడు కాదు. ఆ రోజు జీపులో మా భజన మండలి వాళ్ళే ఎక్కేవాళ్ళు. బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ భజన ఉంటే అక్కడికి పోయేవాళ్ళం. వంతెన దగ్గర బాపు బండి పక్కకు తీసి ఇంజిన్ బంద్ చేసేవాడు. నా చిన్నప్పుడు అక్కడికి చక్కెర ఫ్యాక్టరీ వాసన వచ్చేది, చెరుకు రసం కాగే వాసన, ముక్కులోకి కాదు, నేరుగా నాలుక మీదికి వచ్చినట్టుండేది. "ఇంతమంది చెమట కలిసిన నైవేద్యం ఇది. నోరు మూస్కొని దాటిపోతే తప్పు" అనేవాడు బాపు. అందరం దిగి, చేతి తాళాలు తీసి, ఒక అభంగం, అంటే విఠలుని మీద మరాఠీ కీర్తన, పాడి మళ్ళీ ఎక్కేవాళ్ళం. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. వాసన పోయింది. బాపు ఆగడం మానలేదు.

అందుకే జీపు మొదటిసారి తనంతట తాను అక్కడ నిలబడినప్పుడు, పక్క సీట్లో ఉన్న మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఏమాత్రం కంగారు పడలేదు. కొంగు సర్దుకొని దిగింది.

"ఆగమంటుండు మీ బాపు" అంది.

నాకూ అదే అనిపించింది. నేను స్టీలు సామాన్ల దుకాణం నడుపుతాను గానీ, నా అసలు పని అది కాదనుకుంటాను. సప్తాహాల్లో, అంటే పల్లెల్లో ఏడు రోజులు ఎడతెగకుండా జరిగే నామసంకీర్తనల్లో, గ్రంథం చదివి అర్థం చెబుతాను. ఈ దేహం ఒక బండి, నడిపేవాడు వేరే ఉన్నాడు అని ఎన్ని పందిళ్ళ కింద చెప్పానో. చెప్పిన మాట ఒకనాడు రోడ్డు మీద కళ్ళ ముందు నిలబడితే కాదనడానికి నోరెలా వస్తుంది?

అవ్వ పిట్టగోడ మీద కూర్చుని, సంచిలోంచి బాపు తాళాలు తీసి, ఆయన పాడే అభంగమే ఎత్తుకునేది. ఆ మధ్యలో నేను ఎవరైనా చేసేదే చేసేవాణ్ణి. డీజిల్ ఉందో లేదో చూసేవాణ్ణి. ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి, తడి చూసి, మూత పెట్టేవాణ్ణి. డీజిల్ ఎప్పుడూ ఉండేది. తర్వాత ఇంజిన్‌కు డీజిల్ ఎక్కించే చేతి పంపు కొంచెంసేపు కొట్టేవాణ్ణి. అవ్వ పాట ముగించి తాళాలు సంచిలో పెట్టేది. తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు అందుకునేది.

"పాట అయిపోయింది గదా. ఇగ పొమ్మంటుండు" అనేది అవ్వ.

నిజం చెప్పాలంటే, ఆ ఏడాది నేను ఏకాదశి కోసం ఎదురుచూసింది ఉపవాసం కోసమో భజన కోసమో మాత్రమే కాదు. ఎడపల్లి దాటగానే నా చెవి ఇంజిన్ మీదికి పోయేది. ఆ దగ్గు వినబడగానే గుండెలో ఏదో తడిగా కదిలేది. ఉన్నాడు, ఇంకా ఉన్నాడు అనుకునేవాణ్ణి.

చిక్కల్లా పండరి దగ్గర వచ్చింది.

బాపు ప్రతి ఆషాఢానికీ దిండితో, అంటే కాలినడకన పోయే భక్తుల గుంపుతో, పండరిపురం పోయేవాడు. అవ్వ ఒక్కసారి కూడా పోలేదు. మేం చిన్నపిల్లలం. బీడీలు చుడితేనే ఇల్లు గడిచేది. "నీ కాళ్ళు నడవనన్ననాడు జీపుల తీస్కపోత, విఠలుని ముందట ఆపుత" అని బాపు ఆమెకు మాటిచ్చాడు. ఆమె మోకాళ్ళు ఇక నడవలేం అన్నాయి. బాపు మాత్రం ముందే పోయాడు. ఇప్పుడు ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. ఈ కార్తీక ఏకాదశికి పండరి చూడాలి, అదీ ఈ జీపులోనే చూడాలి. బస్సులో తీసుకుపోతానన్నాను. ఏసీ కారు కిరాయికి మాట్లాడతానన్నాను.

"కారు గిట్ల నాకెందుకురా. మీ బాపు మాటిచ్చింది జీపుల తీస్కపోతనని" అంది.

పక్కనున్న బోధనుకే ఆగకుండా పోలేని బండి రాష్ట్రం దాటి అంత దూరం ఎలా పోతుంది? ఎక్కడో మనుషులు లేని రోడ్డు మీద ఆగిపోతే, కూర్చుంటే లేవలేని మనిషిని పెట్టుకుని నేనేం చేయాలి? ఆగడం మాన్పించాలి, లేదా పండరి మానుకోవాలి. బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. బాపు నోరు మూయించడానికి పోతున్నట్టు.

మెకానిక్ బాపుకు దోస్తు. ఆయన షెడ్డు బస్టాండ్ వెనకాల ఉంటుంది. జీపును చూడగానే చేతులు తుడుచుకుని బానెట్ మీద ఒకసారి నిమిరాడు.

"మళ్ళ ఏమంటుందన్నా మన రాణి?"

చెప్పాను. వంతెన దగ్గరే ఆగుతుందని కూడా చెప్పాను.

"వంతెన దగ్గరనే ఆగుతదా? గట్లయితే నా షెడ్డు గూడ అక్కడనే పెట్టుకుంట" అని నవ్వాడు. నవ్వుతూనే ఫిల్టర్ మార్చాడు. పోయి చూశాను, ఆగింది. డీజిల్ పైపులు విప్పి కొత్తవి వేశాడు. ఆగింది. పంపు విప్పి బాగుచేశాడు. ఆగింది. చివరికి ట్యాంకే దింపి, అడుగున చేరిన మడ్డి అంతా కడిగాడు. అప్పుడు ట్యాంకు మూతను మాత్రం శుభ్రమైన గుడ్డలో చుట్టి పైన అరలో పెట్టడం చూశాను.

"గదెందుకు భాయ్, దాన్ని గూడ కడుగు" అన్నాను.

"అమ్మ పెట్టిన బొట్టు ఉన్నదన్నా దాని మీద. నేను చెరపను. గునా అయితది, గా పాపం నాకెందుకు?"

ఆ బొట్టు సంగతి చెప్పాలి. బాపు ప్రతి ఏకాదశికీ జీపుకు తిలకం పెట్టేవాడు. మేం నుదుట పెట్టుకునేదే. గోపీచందనం మట్టి తడిపి రెండు నిలువు గీతలు, నడుమ బుక్కా, అంటే సువాసనగల నల్లటి పొడి, వేలితో అద్దిన చుక్క. బానెట్ మీద ఎప్పుడూ ఒకే చోట పెట్టేవాడు. ఎండకు బండి రంగంతా వెలిసిపోయినా, ఆ గీతల కింద ఎండ తగలక పాత ఆకుపచ్చ అలాగే నిలిచింది. గోపీచందనం ఎప్పుడో రాలిపోయింది. రెండు పచ్చని గీతలు మాత్రం ఉన్నాయి. బాపు తర్వాత తిలకం పెట్టే పని అవ్వది అయింది. ఆమె ఆ గీతల మీద చెయ్యి పెట్టలేదు. "ఆయన పెట్టిన చోట నేను పెట్ట. ఆయనది ఆయనకుండనీ" అంది. బండి అన్నం తినే నోరు అదే గదా అని, బాడీ పక్కన గుండ్రంగా ఉండే ట్యాంకు మూతను ఎంచుకుంది. ఏకాదశికే కాదు, నేను పారాయణానికి ఎక్కడికి బయల్దేరినా పెట్టేది. పాతది ఆరిపోయి ఉండేది, దాని మీదే కొత్తది. వంతెన దగ్గర మూత తీసేటప్పుడు తిలకం చెరగకుండా నేను అంచులు పట్టుకుని తిప్పేవాణ్ణి.

ట్యాంకు కడిగాక కూడా వంతెన దగ్గర ఆగింది. ఈసారి మెకానిక్ నవ్వలేదు.

"నేను ఎక్కి తిప్పితే ఆగుతలేదు. నువ్వు పోతే ఆగుతది. నా తోని గాదన్నా" అన్నాడు. ఆయన బండిని షెడ్డు నుంచి రైల్వే గేటు దాకా తిప్పి తెచ్చేవాడు. అంత తక్కువ దూరంలో ఎలా ఆగుతుందన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు. ఇద్దరికీ వంతెనే మనసులో ఉంది.

వంతెన పక్క పొలం ఒక రైతుది. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి కాలువ నీళ్ళ కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా బండి ఆగినప్పుడల్లా ఆయన స్టీలు బిందెతో నీళ్ళు పట్టుకుని గట్టు మీదికి వచ్చేవాడు.

"ఏమండీ, వచ్చేశారా? ఈసారి కొంచెం ఆలస్యమైనట్టుందే" అని ఎగతాళి చేసేవాడు. "అమ్మగారూ, మా చేలో ఒక షెడ్డేయిస్తానండి, మీ బండికి. అద్దె వద్దులెండి, పాట చాలు."

"నవ్వు బిడ్డా, నవ్వు" అనేది అవ్వ నీళ్ళు తాగుతూ. "నీ చెరుకు గింత తియ్యగ ఎందుకున్నదో ఎరికేనా? మా ఆయన ఇన్నేండ్లు ఇక్కడ పాడిండు."

"చెరుకు తీసేశానండి. ఇప్పుడు వరి వేస్తున్నాను."

"వరి గూడ తియ్యగనే అయితది."

కార్తీకం దగ్గరపడుతోంది. ఆ రోజుల్లోనే కమ్మర్‌పల్లి వైపు ఒక ఊళ్ళో సప్తాహానికి రమ్మని పిలిచారు. బాపు పోయాక ఆర్మూర్ రోడ్డు మీద జీపు వేసుకుపోవడం అదే మొదలు. మామూలుగా నేను అటు బస్సులో పోతాను. పండరి సంగతి తేల్చుకోవాలని ఆసారి జీపు తీశాను. ఇటు ఆగకపోతే, ఆగేది వంతెన దగ్గర మాత్రమేనని రూఢి అవుతుంది. అప్పుడు అవ్వను వేరే దారిలో పండరి తీసుకుపోవచ్చు. నా లెక్క అదే. నాలోపల ఇంకో ఆశ కూడా ఉంది. ఆగకపోతే, వంతెన దగ్గర ఆపేది బాపే అని ఇక ఎవరూ కాదనలేరు.

అవ్వ ఎప్పటిలాగే తిలకం పెట్టింది. నేనొక్కణ్ణే బయల్దేరాను. బండి నున్నగా పోతోంది. మక్కజొన్న చేలు, ఏపుగా ఎదిగిన పసుపు చేలు వెనక్కి పోతున్నాయి. ఆర్మూర్ ఇంకా కొంచెం దూరం ఉందనగా దగ్గింది.

అది వినగానే నాకు ముందు కలిగింది కోపం. ఇక్కడెందుకు? పక్కన ఎవరో గల్ఫ్ నుంచి పంపిన సొమ్ముతో కట్టుకున్న కొత్త ఇల్లు, గులాబీ రంగు గోడ, తాళం వేసిన గేటు. బాపుకు ఈ చోటుతో ఏ సంబంధమూ లేదు. ఆయన ఇక్కడ ఏనాడూ ఆగలేదు, పాడలేదు. బండి మాత్రం అక్కడ ఆగినట్టే ఇక్కడా చప్పుడు తగ్గి, జారి, నిలబడింది.

చాలాసేపు దిగలేదు. చనిపోయిన మనిషి ఇంకొకసారి చనిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

తర్వాత దిగి అలవాటు ప్రకారం ట్యాంకు మూత అంచులు పట్టుకుని తిప్పాను. మూత గట్టిగా కరుచుకుని ఉంది. వదులవగానే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. ఉస్సుమని పొడుగ్గా, నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలి ఊపిరి తీసినట్టు. వంతెన దగ్గర ఎప్పుడూ అవ్వ పాట ఉండేది, తాళాల చప్పుడు ఉండేది. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. అందుకే వినబడింది.

మూతను తిప్పి లోపలి వైపు చూశాను. నడుమ సూది మొన పట్టేంత రంధ్రం. బయటి వైపు అదే చోట, సరిగ్గా నడిమధ్యన, పొర మీద పొరగా ఆరి రాయిలా గట్టిపడిన గోపీచందనం, దాని మీద నల్లటి చుక్క. డీజిల్ ఖర్చయినకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి. పోయే దారి అదొక్కటే, అది మూసుకుపోయింది. కొంత దూరం నడిచేసరికి లోపల ఊపిరాడక ట్యాంకు డీజిల్ వదలడం మానేసేది. డీజిల్ ఉందో లేదో అని నేను మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి బండి బతికేది. ఇంటి నుంచి వంతెన ఎంత దూరమో, ఈ గులాబీ గోడ కూడా ఇంచుమించు అంతే దూరం. తిరుగు ప్రయాణంలో రైల్వే గేటు దగ్గర ఒకటి రెండుసార్లు ఆగింది. భజన జరిగిన పల్లె నుంచి అదీ ఇంచుమించు అంతే దూరం. గేటు పడిందని నేనే ఆపాననుకున్నాను అప్పుడు. గేటు లేచేదాకా నిలబడేసరికి ఏ సందులోంచో కొంత గాలి లోపలికి దూరి ఉంటుంది.

ఏడ్చాను. బాపు లేడని ఏడ్చానో, పండరి దారి తెరుచుకుందని ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. విఠలా అనుకుంటూ సూదితో రంధ్రం తెరిచాను. గోపీచందనాన్ని రోడ్డు మీద రాల్చబుద్ధి కాలేదు, దస్తీలో మూట కట్టుకున్నాను. బండి కమ్మర్‌పల్లి దాకా పోయి, సప్తాహం ముగిశాక తిరిగి ఇంటికి వచ్చింది. ఎక్కడా దగ్గలేదు.

ఇక అవ్వకు చెప్పాలి. చెప్పకుండా ఉండే వీలు లేదు, బయల్దేరే పొద్దున ఆమె మళ్ళీ అక్కడే తిలకం పెడుతుంది. పండరి దారిలో బండి మళ్ళీ ఊపిరాడక ఆగుతుంది. ఏం మాటల్లో చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. మూడు గంటలు ఆపకుండా మోక్షం గురించి చెప్పగలిగేవాణ్ణి. ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఆకులు కత్తిరిస్తోంది. ఎవరూ అడక్కపోయినా ఇప్పటికీ చుడుతుంది. కూర్చుకున్న మాటలు వదిలేసి మూత తీసి ఆమె చేతిలో పెట్టాను.

"అవ్వా, నడుమ చూడు. సన్నని బొర్ర. ట్యాంకిలకు గాలి పోయే తొవ్వ గది. నీ గోపీచందనం తోని మూసుకపోయింది. గందుకే ఆగుతుంది."

ఆమె మూతను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆ రంధ్రంలోంచి చూడటానికి ఒక కన్ను మూసింది.

"అంటె బాపు గాదు."

"ఆర్మూర్ తొవ్వల గూడ ఆగింది అవ్వా."

ఆమె ఆకు ఒకటి తీసి, కత్తిరించి, చాటలో వేసింది.

"ఆర్మూర్ తొవ్వల ఆయనకేం పని? పసుపు వాసన పడితే తుమ్ములు ఆగకపోయేటివి" అని నవ్వింది. నవ్వు ఆగాక, "నా చెయ్యే ఆపింది అన్నట్టు. నేనే ఆపి, నేనే కూసొని, నేనే పాడిన" అంది.

"దేవుడు నీకు ఇచ్చిండవ్వా ఆ పూటలు. బొర్ర మట్టి తోని మూసుకపోతే ఏంది, ఇచ్చింది ఆయననే" అన్నాను. అది ఓదార్పుకు అన్న మాట కాదు. ఆ రోజు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

"గదంతా నువ్వు పందిట్ల చెప్పు" అంది. "బండి పండరి పోతదా, పోదా? గది చెప్పు."

"పోతది."

బయల్దేరే పొద్దున అవ్వ గోపీచందనం తడిపి బండి దగ్గరికి వచ్చింది. ట్యాంకు మూత వైపు చూడలేదు. బానెట్ ముందు నిలబడింది. ఆ రెండు పచ్చని గీతలను కొంగుతో తుడిచింది, దుమ్ము కూడా లేని చోట. తర్వాత వేళ్ళు ముంచి వాటి మీదుగా పైనుంచి కిందికి గీసింది. ఆమె వేళ్ళు బాపు వేళ్ళకన్నా సన్నం. ఆమె గీతలకు అటూ ఇటూ కొంచెం ఆకుపచ్చ మిగిలిపోయింది.

ఎడపల్లి దాటగానే నా చెవి తనకు తానే ఇంజిన్ మీదికి పోయింది. వంతెన కనబడింది. రైతు గట్టు మీద బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు, మా బండి వస్తే ఆగుతుందని మాత్రమే తెలుసు. నా కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఎందుకాపుతున్నవురా? మంచిగనే నడుస్తుంది గదా" అంది అవ్వ.

"నీళ్ళు పట్టుకొని నిలబడ్డడు."

"వచ్చేటప్పుడు తాగుదాం." ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆయనకు ఊపింది. ఆయన బిందె పట్టుకున్న చేతినే కొంచెం పైకెత్తాడు. అద్దంలో ఆయన చిన్నగా అయిపోతుండగా అవ్వ సంచిలోంచి తాళాలు తీసి, కదులుతున్న బండిలోనే అభంగం ఎత్తుకుంది. ఇంజిన్ హోరులో సగం మాటలు వినబడలేదు. అయినా ఆపలేదు. బోధన్ దాటాం, మంజీర నది దాటాం, పాడుతూనే ఉంది.

ఆమె విఠలుని చూసింది. ఆయన పాదాల మీద తల పెట్టి ఏం చెప్పిందో నేను అడగలేదు. ఆ తర్వాత వంతెన దగ్గర బండి ఆపమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. తిలకం బానెట్ మీదే పెడుతుంది. ట్యాంకు మూత నేను శుభ్రంగా ఉంచుతాను.

వంతెన దగ్గరికి వచ్చినప్పుడల్లా చెవి పెట్టి వినేది నేనే. బండి నున్నగా దాటిపోతుంది. దాటాక కొంత దూరం వరకు వింటూనే ఉంటాను.